రెండు సూది బెజ్జాలు

"మామ్మా, అటక మీదున్న ఆ పొడుగు దుర్భిణీ నువ్వే ఏరుకున్నావట, నిజమేనా?"

ఏరుకున్నానంటే... ఒక్క సాయంత్రంలో తేల్సుకోవలసి వచ్చింది పాపా. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్లో ఓ ఇంజను డ్రైవరుండేవాడు, ఆంగ్లో ఇండియన్ ముసలాయన. దొరా అనేవోళ్లం. రిటైరైపోయి, తెల్లారితే బొంబాయి బండెక్కేస్తాడు. రెండు దుర్భిణీలు అరుగు మీద ఎట్టి, "బేటీ, ఒకటి నీది, రెండోది మా తమ్ముడికి" అన్నాడు. ఒకటి పొట్టిగా లావుగా, అడుగున అద్దం. రెండోది సన్నంగా పొడుగ్గా, ముందు బిళ్ళ... అదే, కటకం.

నాకేటి కావాలో నాకు తెలుసు. నాది పునర్వసు గదా. ఆ జంట సుక్కల్లో ఒకటి మళ్లీ రెండట, బాగా అంటుకునుంటాయట, దొరే సెప్పినాడు. అది నా కంటితో సూడాలి. మా అమ్మేమో, "లావుదే తీసుకోయే. ఆ రెండోది పొయ్యూదుకునే గొట్టంలాగున్నాది" అని ఒకటే నవ్వు.

పైకి సూద్దామా అంటే ఆవేళ ఆకాశమంతా మబ్బు. మా నాన వర్క్‌షాపులో ఫిట్టరు గదా, నూనె డబ్బా రేకుకి రెండు సూది బెజ్జాలు పొడిసినాడు, మజ్జిన ఆవగింజంత ఎడం. ఎర్రా పచ్చా అద్దాలు తిప్పి సిగ్నలు సూపించే చేతిలాంతరు ముందు ఆ రేకు కట్టి, వీధి అటుసివర స్తంభానికి ఏలాడదీసొచ్చినాడు.

సూస్తే లావుదాంట్లో ఏటీ లేదు. పొడుగుదాంట్లోనూ ఏటీ లేదు. సీకటి! ఏడుపొచ్చేసింది. "రెండూ పాడైపోయినవే నానా!"

నాన పరిగెట్టుకెల్తే ఏటనుకున్నావు? డూటీ దిగొస్తున్న గార్డు అప్పన్న మావ, సైకిలాపేసి లాంతరు ముందే నిలబడున్నాడు. అలవాటు కొద్దీ నాన ఎర్రద్దం తిప్పేసినాడు మరి!

"తప్పుకోరా అప్పన్నా!"

"ఎర్ర లైటు బావా! నువ్వు పచ్చ ఇయ్యి, ఎల్తాను!"

పచ్చ ఇచ్చినాక గాని కదల్లేదు మావ. అప్పుడు కనబడినాది. లావుదాంట్లో ఎలుగు బోలెడు, గాని రెండూ కలిసిపోయి పప్పుముద్ద. పొడుగుదాంట్లో ఎలుగు తక్కువే, రెండు పచ్చ సుక్కలు, మజ్జిన సన్నటి సీకటి. "ఇదే నాది" అన్నాను. దొర నవ్వినాడు. "ఠీక్ హై. లావుగున్నవన్నీ ఇలాగుండవు బేటీ, దీని అద్దమే సరిగ్గా అరగదియ్యలేదు" అన్నాడు.

దొరెల్లిపోయినాక మబ్బిడిసింది. సూసినాను. ఓలమ్మ, రెండే! అమ్మని పిలిస్తే అలా సూస్తానే ఉన్నాది. "రెండేనే. మరి ఈ ఒక్కోటీ మళ్లీ రెండేమో, ఎవులు సూసినారు?" అంది. నేను పకపకా నవ్వినాను.

ఎన్నాల్లకో సదివితే అమ్మన్నది నిజమేనట పాపా! ఏ దుర్భిణీ పెట్టినా కంటికి విడిగా కనబడవట, ఎలుగుని రంగులుగా విడదీసి తెలుసుకుంటారట. అదెలాగో నాకిప్పటికీ... నువ్వు సదువుకో. సదివి నాకొచ్చి సెప్పు. నీ కళ్లు సల్లగుండాలి.