ముందు గది బెంచీలు

మళ్ళీ మూసేశారా ఆ కిటికీ? ఇప్పుడే కదయ్యా తెరిచాను. పొగ వస్తోందని నాకూ తెలుసు. ఈ గదికి అదేం కొత్త చుట్టం కాదు. పిల్లలు ఏడాది పొడుగునా పీల్చేది మనం ఒక్క గంట పీలిస్తే కొంపలు మునగవు. తెరవండి బాబూ. ఆఁ, అలా ఉండనివ్వండి.

పెద్దలకి, తోటి మాస్టర్లకి, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకి, ముందు వరసలో కూర్చున్న మా బడి కార్యదర్శిగారికి, మాస్టారి ఇల్లాలు మా వదినగారికి, పిల్లలకి నమస్కారం. మన లెక్కల మాస్టారు ఇక లేరు. ఆయన గురించి మాట్లాడేంతటివాణ్ణి కాదు. డ్రిల్లు మాస్టర్ని. నాకొచ్చిన ప్రసంగం రెండే మాటలు: కూర్చోండి, నిలబడండి. రెండోది చివర్లో చెబుతాను.

ఆస్పత్రిలో డాక్టరు అడిగారట, రోజుకి ఎన్ని సిగరెట్లు తాగుతారని. జన్మలో ఒక్కటి ముట్టని మనిషి. "నేను కొనుక్కోలేదండీ, లారీలవాళ్ళు ఊరికే పట్టించారు" అన్నారట. వదినగారు ఆ మాట నాకు చెప్పి, నవ్వబోయి ఏడ్చారు.

దూరం నుంచి వచ్చిన బంధువులున్నారు, వాళ్ళ కోసం చెబుతాను. మా బడిలో ఈ తరగతికి రెండు సెక్షన్లు. మార్కులు వచ్చేవాళ్ళు వెనక, తోటవైపు గదిలో. రానివాళ్ళు ఇక్కడ, ఈ ముందు గదిలో. కిటికీ కింద బస్సులు ఆగుతాయి. ఎర్రదీపం పడితే లారీలన్నీ మనవైపు తోక పెట్టి నిలబడతాయి. ఈ గదిలో వాళ్ళని మొద్దు సెక్షన్ అన్నాం. నేనూ అన్నాను, మీరూ అన్నారు. నేను చదివింది పల్లెటూళ్ళో, గోడలు కూడా సరిగా లేని బడిలో. నా మార్కుల తప్పు గాలి మీదకి నెట్టే వీలే లేదు. కానీ ఈ పిల్లలకి? మొద్దు ఎవరు, పిల్లలా, గదా? ఆ ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరే. ఇప్పుడు ఆ దండ వెనక ఉన్నారు.

ఆ ప్రశ్న ఆయనకి ఎక్కడ పుట్టిందో తెలుసా? ఇంట్లో, బట్టలుతికే చోట. చొక్కా కాలరు చూసి వదినగారు చెప్పేసేవారట, ఈ రోజు ముందు గదిలో ఎక్కువ పాఠాలు చెప్పారని. "కాలరే ఇలా ఉంటే, ఆ పిల్లల లోపల ఎలా ఉందో" అన్నారట ఓసారి. ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఆ ఏడాది టైంటేబుల్ వేసే పని ఆయనది. చప్పుడు చేయకుండా గదులు మార్చేశారు. తెలివైనవాళ్ళు ఇక్కడికి, మొద్దులు తోటవైపుకి. అర్ధ సంవత్సరం పరీక్షలు వచ్చేసరికి ఏమైంది? ఇక్కడి చురుకుపిల్లలు కళ్ళు నులుముకుంటూ, ఆవలిస్తూ, వచ్చిన లెక్కే తప్పు చేస్తున్నారు. అక్కడ, నా డ్రిల్లు పీరియడ్‌లో తప్ప చెయ్యెత్తని పిల్లలు లెక్కల పీరియడ్‌లో ఎత్తారు. అందరూ కాదు లెండి. నాలాంటివాళ్ళు ఎక్కడున్నా నాలాగే ఉంటారు.

మనమేం చేశాం? కార్లలో వచ్చాం. మంచి పిల్లల్ని పాడుచేశాడని సంజాయిషీ అడిగాం. "పాఠం అదే, చెప్పింది నేనే, మారింది గాలి ఒక్కటే" అన్నారాయన. వారం తిరక్కుండా గదులు మళ్ళీ మామూలే. ఒక్క తండ్రి, ఒక్కరంటే ఒక్కరు, "అయితే ఆ గదిలో ఏ పిల్లలూ వద్దు" అన్నారా? "మావాడు వద్దు" అన్నారు. అంతే.

తర్వాత ఎవరో పుణ్యాత్ములు గాలి శుభ్రం చేసే యంత్రం ఇచ్చారు, పిల్లల కోసమని. అది ఎక్కడుంది? వెనక మీటింగు గదిలో. ఇక్కడ పెడితే పొగకి పాడైపోతుందన్నారు. మాస్టారు రోజూ ఆ గుమ్మం దగ్గర ఆగి, "ఏమ్మా, ఊపిరి బాగా ఆడుతోందా" అని దాన్ని పలకరించి, ఇక్కడికొచ్చి దగ్గుతూ పాఠం చెప్పేవారు.

చివరిదాకా ఆయన అడిగింది ఒకటే. "మీటింగు గది పిల్లలకివ్వండి, మీటింగులు ముందు గదిలో పెట్టుకుందాం. మనకి ఇంక పెరిగేదేముంది" అని. చూద్దాం అన్నారు కార్యదర్శిగారు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. మాస్టారికి అంత తీరిక లేకపోయింది.

ఈ పొద్దున ఏం జరిగిందంటే, సభకి చోటు చాలదని ఇక్కడ జంపఖానాలు పరిచి, ఈ గది బెంచీలన్నీ తీసుకెళ్ళి మీటింగు గదిలో వేశాం. కార్యదర్శిగారే వేయమన్నారు, వారికి కృతజ్ఞతలు. కొలిచి చేసినట్టు సరిపోయాయండి. సభ అయ్యాక మళ్ళీ మోసుకురావాలట. నేను మోయను. నడుం నొప్పి. డ్రిల్లు మాస్టరుకి నడుం నొప్పేమిటంటారా, సంతాపం అనుకోండి. మీలో ఎవరైనా మోస్తారా? మీ పిల్లలు కూర్చునే బెంచీని, మీ చేతులతో, ఈ పొగలోకి?

తలలు అడ్డంగా ఊపుతున్నారు. మంచిది.

ఇక నా రెండో మాట. అందరూ నిలబడండి. కాసేపు ఆయన్ని తలుచుకుని మౌనంగా ఉందాం. కిటికీ తెరిచే ఉండాలి. దగ్గొస్తే దగ్గండి, ఆయన విననిదేం కాదు. అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళండి, బెంచీల జోలికి మాత్రం... ఆఁ? కార్యదర్శిగారు పిలుస్తున్నారా? వస్తున్నానండీ. మీరు కదలకండి, అలాగే నిలబడండి. మీటింగు గది తాళంచెవి నా జేబులోనే ఉంది, దాన్ని మాత్రం నేను ఎవరికీ ఇవ్వను.