ఏడు మిరపకాయల పిల్ల

థాయ్‌లాండ్‌లోని ఖోన్‌కెన్ బజారులో మిరపకాయలేసి పచ్చిబొప్పాయి దంచి అమ్మే ఆమెకు, ఎన్ని మిరపకాయలు అడిగారో వింటే చాలు, మనిషి మనసు తెలిసిపోతుంది. రోజూ వచ్చే పిల్ల ఎదురుగా నిలబడింది.

"ఎప్పటిలాగే ఏడేనా?"

"ఒక్క మిరపకాయా వద్దు పిన్నీ."

"అయితే ఇది నీకు కాదు. మీవాళ్లు నీకు చూసిన, కారం పడని ఆ బ్యాంకాక్ అబ్బాయి వచ్చాడన్నమాట."

"వచ్చాడు. ఈ పెళ్లి నాకిష్టం లేదని మొహం మీదే చెప్పేస్తాను."

"మరి ఈ మర్యాదలెందుకే?"

"ఆకలితో పంపిస్తామా ఏంటి? ముందు ఆ రోలు కడుగు పిన్నీ. పాత కారం తగిలినా పాపం, కళ్లమ్మట నీళ్లొచ్చేస్తాయి."

ఆమె నవ్వుకుంటూ రోలు కడిగింది.

"ముప్పై ఏళ్లుగా దంచుతున్నా. వద్దనుకున్నవాడి కోసం రోలు కడిగించినదాన్ని ఇంతవరకూ చూడలేదు. సరేగానీ, నీకు విడిగా ఏడు వేసి దంచనా?"

"వద్దులే పిన్నీ," ఆ పిల్ల తల దించుకుంది. "నేనూ అదే తింటాను."