కొట్టివేయని మొదటి అంశం

రామసముద్రం నుంచి, పుంగనూరు నుంచి పనులు మానుకొని వచ్చిన పెద్దలారా, అక్కలారా, తమ్ముళ్లారా! జయరత్నం గారిని మట్టిలో ఉంచి మూడు రోజులైంది. అన్నమ్మ గారూ, భర్తను పోగొట్టుకున్న మీ ముందు నా మాట ఎంత? అయినా మాట్లాడాలి. నేను తబితను, మన కాలనీ సంఘానికి సహాయ కార్యదర్శిని. ఆయన ముప్పై ఏళ్లు కార్యదర్శి.

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు డ్యూటీ ముగించుకొని వచ్చి, మన మీటింగులకు అజెండా రాసేవారు. నా మొదటి మీటింగులో, అజెండా అంటే ఏమిటని నన్ను అడిగారు. మాట్లాడే విషయాల పట్టిక అన్నాను. నవ్వారు. "కాదమ్మా. అది లాటిన్ మాట. చేయాల్సిన పనులు అని దానికి అర్థం. చర్చీ పెద్దలు పూర్వం నమ్మాల్సినవి ఒక పక్క, చేయాల్సినవి ఒక పక్క పెట్టుకున్నారంట. నమ్మేది ఆదివారం ఆదివారం నమ్ముతానే ఉండాం. చేసేది ఎప్పుడు?"

అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టారు. పని అయిందని సంఘం ఆ అంశం మీద గీత గీసి కొట్టివేయకూడదు. ఎవరి కోసం ఆ పనో వాళ్లే కొట్టివేయాలి. కొళాయి వచ్చిన రోజు గుర్తుందా? మన పూలమ్మక్క బిందె నింపి, ఇంట్లో దించి, తిరిగి వచ్చాకే ఆమె చేతికి పెన్ను ఇచ్చారు. చదువు రాని ఆ అక్క గీసిన వంకర గీత ఇప్పటికీ మన అజెండా పుస్తకంలో ఉంది.

మరి మనం ఏం చేశాం? సమాధుల తోటకు దారి అన్నది పదకొండేళ్లుగా మొదటి అంశం. దారి ఇస్తామని తహసీల్దారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆయన కుప్పం వెళ్లిన రోజు చూసి, చప్పట్లు కొట్టి దాన్ని కొట్టేశాం. గీత గీసింది నేనే. వచ్చి చూసి ఒకే మాట అన్నారు. "యాల కొట్టేసినావమ్మా? శవాన్ని ఎత్తుకోని ఈ కాగితం మింద నడిచిపోతామా?" మళ్లీ తన చేత్తో రాశారు. అది జరిగి ఆరేళ్లు. దారి రాలేదు.

మొన్న ఆయన పెట్టెను ఎలా మోశామో మీరే చూశారు. టమాటా తోట గట్టు మీద, బురదలో. కృష్ణప్పన్న మోకాళ్ల మీద పడ్డాడు, పెట్టెను మాత్రం భుజం నుంచి జారనివ్వలేదు. నాకు సిగ్గేసింది. కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఈ నెల అజెండా ఆయన రాసిపెట్టే పోయారు. ఆయన బైబిల్లో దొరికిన ఆ చీటీని మన పుస్తకంలో అంటించాను. మొదటి అంశం ఆ దారే. ఇప్పుడు దీన్ని ఎవరు కొట్టివేయాలి? అన్నమ్మ గారూ, ఇదిగో ఆయన పెన్ను, మీ దగ్గర ఉంచుకోండి. ఆ దారిలో మీ కాళ్లకు బురద అంటకుండా నడిచి, ఆయన సమాధి మీద పూలు పెట్టి, తిరిగి వచ్చాకే గీత గీయండి. అంతవరకు మాలో ఎవరమూ ఆ పుస్తకం మీద చెయ్యి వేయం.

అందరం లేద్దాం. రెండు నిమిషాలు మౌనంగా ఆయన్ను తలుచుకుందాం. తర్వాత ఎవరూ మళ్లీ కూర్చోవద్దు, దారి ఇస్తామన్న ఆ కాగితం తీసుకొని నేరుగా తహసీల్దారు ఆఫీసుకు నడుస్తున్నాం. లేవండి.