మంచు తుపాను నాటి జనం

కూర్చోండి పిల్లలూ, ఆ కేకు ముక్క తినడం అయ్యేదాకా ఎలాగూ లేవరు. ఆదివారం ప్రార్థన ముగిసి, నాలుక మీద కీర్తన తడి ఆరకముందే, చర్చి కింది గదిలో కూర్చుని డెబ్భై దాటిన ఈ వెర్లిన్ తాత అబద్ధమాడతాడా? దేవుడు పైనే ఉన్నాడు, ఒక్క అంతస్తు దూరంలో.

బుధవారం మా మనవరాలు టెస్సా వాళ్ల బాస్కెట్‌బాల్ ఆట. మీ కాలేజీ, మీ జట్టు. పోయినసారి విద్యార్థుల వరసల్లో పదకొండు మంది. వాళ్లలో ముగ్గురు గేటు దగ్గర కాలేజీ కార్డు గీకి, ఉచిత చొక్కా కోసం హాజరు పాయింట్లు వేయించుకుని అట్నుంచటే పోయారు. ఈసారీ వంద మంది విద్యార్థులు రాకపోతే ఆడపిల్లల ఆటలన్నీ పాత జిమ్ హాలుకి మార్చేస్తారట. అక్కడ కూర్చోడానికి నాలుగు బల్లలు, చూడ్డానికి ఒక గోడ.

బల్లకి అటుపక్క ఇద్దరు కాలేజీ పిల్లలు. కోల్బీ ఫోన్లోంచి తలెత్తకుండా బుధవారం తనకి ల్యాబ్ రిపోర్టుందన్నాడు. మారిసెల్ ఇంకాస్త క్రీము ఉందా అంది. సరే, నాకూ తొందరేం లేదు.

డెబ్భై ఆరు ఫిబ్రవరిలో మా చెల్లి జోయాన్ ఇదే జట్టులో ఆడేది. నలభై మంది కూడా రాకపోతే వచ్చే ఏడు ఆడపిల్లల జట్టే ఉండదని ఆటల శాఖ పెద్ద తేల్చేశాడు. బయట చూస్తే మంచు తుపాను. నేనేం చేశాను? హాస్టల్లో మా అంతస్తు తలుపులు తట్టి, రండ్రా అన్నాను, అంతే. ఐదుగురొచ్చారు. గొప్ప చెప్పుకోవడం నాకు చేతకాదు, ఐదుగురే. వాళ్లని చూసి పై అంతస్తు కదిలింది, దాన్ని చూసి హాస్టలంతా కదిలింది, వంటాయన సూపు మాడిపోతుందని గుండిగతో సహా వచ్చాడు, మంగలి షాపులోంచి సగం గడ్డంతో ఒకాయన, ఆయన వెనకే కత్తి పట్టుకుని మంగలి. నేల ఈనినట్టు జనం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా కేకలు విని అవతలి కాలేజీ కుర్రాళ్లు కూడా మా వైపొచ్చి కూర్చున్నారు. వాళ్ల కోచ్ ఒంటరైపోతే జాలేసి మేమే ఇరవై మందిని అరువిచ్చాం.

"ఎంతమందొచ్చారు తాతా మొత్తం?" అన్నాడు కోల్బీ.

ఆరు వేలు.

"ఊళ్లో ఉన్నదే రెండు వేలు కదా."

శ్మశానం వైపు తలుపు కూడా తీసి ఉంచాం నాయనా. పునరుత్థానం మీద నమ్మకం లేదా నీకు?

ఇక ఆరువేల మంది ఒక్కసారి కాళ్లు నేలకేసి కొట్టేసరికి, మూడు మైళ్ల అవతల గిడ్డంగిలో మొక్కజొన్న గింజలన్నీ పేలాలైపోయాయి. గాలికి కిటికీల్లోంచి లోపలికొచ్చి పడుతుంటే అందరం తిన్నాం.

"ఉప్పు లేకుండానా?" అంది మారిసెల్.

రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు లేదూ? వినమ్మా. ఆఖరి క్షణం, ఒక్క పాయింటు వెనకబడ్డాం, జోయాన్ బంతి విసిరింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. లోపల గాలి లేక బంతి మధ్యలోనే నిలబడిపోయింది. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. పాస్టరు గారు లేచి ప్రార్థన మొదలెట్టారు, పాస్టర్ల ప్రార్థనలు పొట్టివి కావని మీకు తెలుసుగా. ఆమెన్ అన్నారు, అందరం ఊపిరి వదిలాం, బంతి బుట్టలో పడింది.

"నలభై," అంది నా వెనకనుంచి మా ఆవిడ లవాన్, కాఫీ కెటిలు పట్టుకుని.

ఏం నలభై?

"వచ్చిన జనం. ఆ రోజు గేటు దగ్గర, నొక్కితే అంకె పెరిగే లెక్క మిషను నా చేతిలోనే ఉంది. నలభై. అందులో పద్నాలుగు మంది నువ్వే."

పిల్లలిద్దరూ నావైపు తిరిగారు. లవాన్ తీరిగ్గా చెప్పింది. ముందు తలుపులోంచి వచ్చి, వెనక తలుపులోంచి బయటపడి, మోకాలి లోతు మంచులో జిమ్ చుట్టూ తిరిగి మళ్లీ వచ్చేవాణ్ణట. ఒకసారి ఎవరిదో టోపీ, ఒకసారి ఎవరో ఆవిడ శాలువా.

"మొదటి ఆరుసార్లూ నన్ను చూడ్డానికే వస్తున్నాడనుకున్నాను," అంది.

"తెలిశాక కూడా ఎందుకు నొక్కారు?" అని మారిసెల్ అడిగింది.

"గుమ్మం దాటిన ప్రతి తలకీ ఒకసారి నొక్కమన్నారు. ఎవరి తలో చూడమనలేదు."

కోల్బీ ముందుకు వంగి, "మరి ఆ ఆఖరి బంతి పడిందా తాతా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు లవానే చెప్పింది. "ఆయనకేం తెలుసు? అప్పుడు బయట మంచులో ఉన్నాడు. ఆటలో ఒక్క నిమిషం కూడా చూళ్లేదు."

బుధవారం కూడా అలాగే తిరిగేవాణ్ణి పిల్లలూ, మోకాళ్లు ఒప్పుకోకపోయినా. కానీ ఇప్పుడు కార్డులు. ఒక మనిషికి ఒకటే లెక్క. నా దగ్గర కార్డే లేదు.

కోల్బీ ఫోను బల్ల మీద బోర్లించాడు. "ఎన్నింటికి?"

ఏడింటికి.

"మా అంతస్తు తలుపులు తడతాను. ఐదుగురొస్తారేమో, అంతే."

ఫరవాలేదు నాయనా, నాకూ మొదట ఐదుగురే వచ్చారన్నాను.

"ముగ్గురు," అంది లవాన్, నా కప్పులో కాఫీ పోస్తూ.