కంది సాళ్ల నడుమ

గంజాయికి మరిగిన కొడుకును నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్పించి, మొగుడూ పెళ్లాలు వరండాలోకి వచ్చారు. మొగుడి పక్కన కూర్చోబుద్ధి కాక ఆమె నిలబడే ఉంది.

“డాక్టరు సారు చెప్పింది ఇన్నవా? గంజాయి పోయి కూసునే జాగలు మెదడుల ఉంటయంట. రోజూ తాగితే గవి తగ్గిపోతయంట. గందుకే మానంగనే వానికి అన్నం పోతలేదు, నిద్ర వస్తలేదు.”

“నెల దినాలు మానితే మళ్ల ఎప్పటిలెక్కనే అయితయన్నడు గద. పరేషాన్ గాకు.”

“వానికి యాడ దొరికిందో సారుకు చెప్పకపోతివి.”

“జర మెల్లగ మాట్లాడే.”

“మన కంది సాళ్ల నడుమ నువ్వు పెట్టిన చెట్లేనాయె! ఇయ్యాల్నే పీకెయ్.”

“కోతకొచ్చినయే. వాడు నెల దినాలు ఈడనే ఉంటడు గద, గంతల అమ్మేస్త.”



“వాడన్న మానుతడు, నువ్వు మానవు. గా చేతుల్తోటి నా కొడుకును మళ్ల ముట్టకు.”