కైరుప్పల చీటీ

"తాతా, ఈ వయసులో సోలార్ పంపుల పని ఎట్ల నేర్చుకుంటివి?" అంటివి గదమ్మీ, సెప్తా. ఆ ఫోను దగ్గరగా పట్టుకో, ఒక్క మాట పోగొట్టొద్దు.

సూడు, ఈ ఆదోనిలో నా చెవిన పడని మోటరు లేదు. జిన్నింగు మిల్లులో మిషను దగ్గితే ఇంట్లో పండుకున్న నాకు తెలిసేది. బొంబాయి ఇంజినీరు వచ్చి నా కాళ్ల మీద పడినాడు. సరే, పడలేదులే, వంగినాడు. కింద పడిన స్పానరు కోసరం వంగినాడేమో, ఎవురికి తెలుసు. ఆ కాలంలో పావలాకు ఉగ్గాని, పైన రెండు బజ్జీలు... యాడుంటి నేను?

ఆ, సోలార్. పెద్దకడుబూరు దిక్కు చేన్లల్లో ఈ పంపులు పెట్టినారు. పంపులమ్మే శెట్టి ఏమన్నాడూ, "మీ ఇద్దర్లో ఎవురు ముందు నేర్చుకుంటే ఆ దిక్కు రిపేర్లన్నీ వాళ్లకే" అన్నాడు. ఇద్దరంటే నేనూ, మా సుంకన్నా. మీ అవ్వ చెల్లెలి మొగుడు, నా తోడల్లుడు, ఎమ్మిగనూరోడు. మొన్నమొన్నటిదాకా మగ్గం నేసిన మనిషి! వాడూ నేనూ ఒకటేనంట!

నాది చెవి చదువు. వానిది చీటీల చదువు. ఒక చీటీకి ఒకటే సంగతి, అదీ వాని సొంత మాటల్లో. కింద, "ఇది తెలియాలంటే ఫలానా చీటీ సూడు" అని రాసుకుంటాడు. మగ్గం మీద అచ్చు, అదే నిలువు పోగుల పడుగు, అయిపోతే పాత పోగు కొసకు కొత్త పోగు మెలేసి అతుకుతారు సూడు, అట్ల. తెలియని సంగతిని తెలిసిన సంగతికి అతికేది. "అతుకు లేని చీటీ తెగిన పోగన్నా, దేనికీ పనికిరాదు" అంటాడు. "నా బుర్ర ఒకటే తానుగా నేసిన పట్టురా, నాకు అతుకులేంది?" అంటి.

ఏం జెప్పాల, కొన్నాళ్లకే రైతులు "సుంకన్న మేస్త్రీ యాడ?" అని అడగబట్టిరి. ఎవుర్ని? నన్ను! మేస్త్రీ అంట! మీ అవ్వ గూడా చెల్లెలి మొగుణ్ణి పొగుడుకుంటానే నాకు సంగటి పెట్టె. ముద్ద పళ్లెంలోనే పెట్టి లేస్తి.

ఒకనాడు వాడు మా ఇంటికొచ్చి, చీటీల డబ్బా ఆడ పెట్టి స్నానానికి పోయె. గబగబా అన్నీ నా కాగితాల్లోకి రాసి దించుకుంటి. దొంగతనం కాదమ్మీ, సొంత తోడల్లునివి దొంగతనమెట్లయితాది?

మర్నాడు పెద్దకడుబూరు పోతి. మిట్టమధ్యాన్నం, ఎండ పెళపెళ కాస్తాండాది, పంపు నీళ్లు మాత్రం సన్నగా కారుతాండాయి. చీటీ తీస్తి. "ఎండున్నా నీళ్లు సన్నబడితే కైరుప్పల చీటీ సూడు." అదీ తీస్తి. "ముందు మొగం కడుగు." అంతే, ఇంగేం లేదు! సరే, కొత్త మిషను, దాని మర్యాద దానికుంటాదిలే అనుకోని, వందమంది రైతుల ముందర, అంటే ఇద్దరే అనుకో, మొగం కడుక్కోని, పంచెతో తుడుచుకోని, దర్జాగా స్విచ్చేస్తి. నీళ్లు అట్లనే. మళ్లీ కడిగితి, ఈసారి సబ్బేసి.

రైతు పోయి సుంకన్నకు ఫోన్ జేసె, అదీ స్పీకర్లో పెట్టి. వాడు పడీపడీ నవ్వె. "అన్నా, ఉగాది పోయినాక కైరుప్పల ఊరి జాతరలో, పిడకలతో కొట్టుకునే ఆ కొట్లాటలో, నా మొగమంతా పేడదుమ్ము పడి కండ్లు కనపడకపోతే నువ్వే గదా కడిగితివి! ప్యానెల్లకూ అట్లనే దుమ్ము పట్టింటాది. వాటి మొగం కడగాల, నీది కాదు! నా అతుకులు నీ పోగుకు ఎట్ల అతుకుతాయన్నా?"

రైతు ప్యానెల్లు కడిగె. నీళ్లు బుసబుసా దూకె. ఆ దిక్కు రిపేర్లన్నీ శెట్టి వానికే ఇచ్చె.

ఇప్పుడు నా చీటీలు నేనే రాసుకుంటాండా. ప్రతిదానికీ నా మిల్లు, నా మోటర్లు అతికి. వాని కట్టకన్నా లావు! నిన్న వచ్చి "ఒకటి సూపించన్నా" అన్నాడు. సూపిస్తానా?

నువ్వు గూడా కాలేజీలో నీ మాటల్లోనే రాసుకో తల్లీ, ఎవురివీ దించుకోవాకు. సల్లగుండు, నూరేండ్లు బతుకు. నీతోనే సదువుతాండాదే సుంకన్న మనవరాలు, దానికన్నా ఒక్క మార్కు... ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ తెచ్చుకో. సాలు నాకు.