చెయ్యేసి చూస్తే

సాయంత్రం రొయ్యల షెడ్డులో పని దిగి, ఇంటి దగ్గర పాపను ఎత్తుకుని నేరుగా ఊరి ఆరోగ్య కేంద్రానికి వచ్చిన తల్లి, ఆ మూడేళ్ల బిడ్డను ఒళ్లో పెట్టుకుని నర్సు ముందు కూర్చుంది.

“అక్కా, దినామూ సాయంత్రం పాపకి జ్వరమే. చెయ్యేస్తే నొసలు కాలిపోతా ఉంటాది. రెండు సీసాలు సిరప్ అయిపోయినాయి.”

“థర్మామీటర్‌లో జ్వరమేమీ లేదే! నీ చెయ్యి ఇటియ్యి. ఏంది, ఇంత చల్లగుంది?”

“పొద్దస్తమానం ఐసులోనే కదక్కా రొయ్యలు ఒలిచేది. కాళ్లూ అంతే. ఇంటికి పోయినా వేడెక్కవు, వేళ్లు తెల్లగా పాలిపోతాయి.”

“ఈ చేత్తో ముట్టుకుంటే ఎవరి నొసలైనా కాలినట్టే ఉంటుంది. జ్వరం లేని బిడ్డకా సిరప్ పోసినావు?”

“అయ్యో! నేను చెయ్యేస్తే మొహం తిప్పుకుంటాది. జ్వరం చిరాకనుకున్నానే.”

“చూపించుకోవాల్సింది నువ్వు. రేపొచ్చి డాక్టరు గారిని కలిసి రక్తం పరీక్ష చేయించుకో. రబ్బరు గ్లౌజుల లోపల నూలువి వేసుకో. పొయ్యి దగ్గర మాత్రం చేతులు కాచుకోవద్దు, తిమ్మిరిలో చెయ్యి కాలినా తెలీదు.”

“మరి పాపకి నిజంగా జ్వరమొస్తే నాకెట్ల తెలిసేది?”

“థర్మామీటర్ కొనుక్కో. అందాకా చెంప ఆనించి చూడు.”

ఆమె వంగి పాప నొసటికి చెంప ఆనించింది. చాలాసేపు తీయలేదు.

“ఏమ్మా, చల్లగుందా?”

“ఏమోనక్కా. మొహం మాత్రం తిప్పుకోలేదు.”